నీడచెట్టు: నర్సీపట్టణప్రాంతమున దాని పూర్వోత్తరములు

నర్సీపట్టణమునకు జుట్టుపట్ల గల గ్రామముల పేర్లను వరుసగా జదువుకొనుచు బోవువానికి దోపులో నడచుచున్నట్లు తోచును. ఆ మండలములోనే చెట్టుపల్లి యున్నది. వేములపూడి యున్నది, వేపకు మన పూర్వులు వాడిన వేము అను శబ్దము ఆ పేరిలో నేటికిని నిలిచియున్నది. చోడవరపు దారిని బోయినచో రావికమతము తగులును. కొండలెక్కి లమ్మసింగి దాటినచో జింతపల్లి. పెదబొడ్డేపల్లిని గూడ నీ వరుసలో జేర్పవలెనని కొందఱనవచ్చును. బొడ్డ యనగా మేడిజాతి చెట్టు. కాని యుత్తరాంధ్రమున బొడ్డేపల్లి యనునది యింటిపేరుగా గూడ బ్రసిద్ధము గనుక దానిని నేను విడిచితిని. మిగిలిన నాలుగును జాలును.

ఈ పేర్లు రాజులు పెట్టినవి కావు. శాసనములలో రాజులు పెట్టు పేర్లు వేఱు. అవి తమ పేరో, తమ తల్లి పేరో, తమ దేవుని పేరో యగును. చెట్టు పేరు పెట్టినది బాటసారి. చెట్లు మిక్కిలిగా నున్నచోట నూరికి జెట్టు పేరు రాదు. అడవిలో నే చెట్టును జూపి చెప్పగలము? బయలున నొంటిగా నొక చింత నిలిచియున్నచో, "చింతయొద్ద దిగితిమి", "చింతయొద్ద గలిసికొందము" అను మాట పుట్టును. ఆ మాటయే కొన్ని తరములకు బల్లె యగును. కావున గ్రామనామమున నిలిచిన చెట్టు సామాన్యముగా నీడచెట్టే యని నా యభిప్రాయము. ఆ మ్రాను పడిపోయి యెన్ని యేండ్లయినదో, దాని పేరు మాత్రము తహశీల్దారు కచేరి కాగితములమీద బ్రతికియున్నది.

వీధిలోని నీడచెట్టునుగుఱించి వ్రాయుట చరిత్రయగునా యని చదువరులు సంశయింపవచ్చును. మనవారు సప్తసంతానములని చెప్పినవానిలో వనము గలదు, తటాకము గలదు, దేవాలయము గలదు. వీధినడుమ నొంటిగా నున్న చెట్టునకు దావు లేదు. తోట వేసినవాని పేరు శిలమీద జెక్కుదురు. వీధిచెట్టు నాటినవాని పేరు నాటినవాడు చనిపోవకముందే మఱతురు. అయినను దానికిని మూడు ప్రశ్నలు వేయవచ్చును: ఎవరు నాటిరి? ఎవరు కాచిరి? దాని క్రింద నెవరు కూర్చుండగలిగిరి? మూడవ ప్రశ్నను మన గ్రంథములు సాధారణముగా వేయవు. ఈ వ్యాసమునకు ముఖ్యమైన దదియే.

మొదట రచ్చ యను మాటను జూతము. సంస్కృతమున రథ్య యనగా రథము పోవు వీధి. అది ప్రాకృతముమీదుగా వచ్చి తెలుగున రచ్చ యైనది. అనగా నీ శబ్దమునకు మొదటి యర్థము వీధియే. తరువాత వీధిలో నలుగురు గూడుచోటైనది. ఆ పిమ్మట నక్కడ జరుగు వ్యవహారమే యైనది. ఇంట గెలిచి రచ్చ గెలువుమను సామెతలో రెండవ యర్థమున్నది. రచ్చకెక్కుట యన్నపుడు మూడవది. నేడు రచ్చ యనగా బిల్లలకు గలహము దక్క వేఱేమియు దోపదు. ఈ మూడర్థములను గలిపి నిలిపిన వస్తువు చెట్టు. వీధినడుమ రావియో వేపయో రెండును బెనవైచియో నాటి, మొదలిచుట్టు ఱాతికట్టు కట్టి, దానిపై గూర్చుండి తగవులు తీర్చిరి. రావికిని వేపకును బెండ్లి చేయు నాచార మందఱెఱిగినదే. పెండ్లియైన జంటను గొట్టుటకు జేయి రాదు గదా. ఆ యాచారము కల్పించినవారు మిక్కిలి లోకజ్ఞులు.

రచ్చచెట్టును బొగడినవారు పలువురు. పొగడదగినదియు నున్నది. కాని యా ఱాతికట్టుమీద నూరివారందఱు గూర్చుండిరని యెవరైన వ్రాసినచో నది చరిత్ర కాదు. పెద్దకులములవారు కట్టుమీద గూర్చుండిరి. తగవున్న వెనుకబడిన కులమువాడు క్రింద నిలుచుండెను. మాలమాదిగలు నీడ యంచునకు వెలుపల నెండలో నిలిచి తమ మాట చెప్పుకొనిరి. ఆడుదానికి దన తగవులో దప్ప నక్కడికి వచ్చుటకు గారణమే లేదు. ఎండ పొద్దుతో దిరుగును గనుక నీడయు దిరుగును; ఆ తిరుగు నీడ వారిని దాకినపుడు వారు జరిగి నిలువవలసియుండెను. ఇది యొక్క నర్సీపట్టణప్రాంతపు దోషము కాదు, దేశమంతటిది. చెట్టుది యసలే కాదు.

దీనికి భిన్నమైనది బాటచెట్టు. దాని చరిత్ర మనము దలచినదానికంటె బ్రాచీనము. అశోకుని రెండవ శిలాశాసనమున, మార్గములలో బావులు త్రవ్వించితిననియు, జెట్లు నాటించితిననియు, నవి పశువులకును మనుష్యులకును నుపయోగించుటకేయనియు నర్థమిచ్చు వాక్యమున్నది. ఈ శాసనపు బ్రతి యొకటి మన కర్నూలుసీమ యెఱ్ఱగుడి బండలమీద నున్నది. అది 1929లో నొక భూగర్భశాస్త్రజ్ఞుని కంటబడి వెలికివచ్చినది. వేఱొక ప్రతి గంజాముసీమ జౌగడలో నున్నది. నర్సీపట్టణ మీ రెంటికి నడుమ, గళింగపు దక్షిణభాగమున నున్నది. క్రీస్తునకు బూర్వము మూడవ శతాబ్దిలో నీ ప్రాంతమువాడు దక్షిణమున కేగినను నుత్తరమున కేగినను, బాటనీడ రాజు చెల్లింపవలసిన ఋణమని చెప్పు బండను జేరగలిగియుండెను. పశువులును మనుష్యులును నను రెండు మాటలను నేను మరల మరల జదివితిని. అందు గులము లేదు. పశువు గూడ వెలి కాలేదు. రచ్చకట్టుమీద దొరకనిది బండమీద వ్రాయబడియున్నది.

వ్రాత వేఱు, కాపు వేఱు. కాపునకు శిక్ష గావలెను. కౌటిల్యుని యర్థశాస్త్రమున నగరోపవనములలో బూవు, పండు, నీడ నిచ్చు చెట్ల చిగుళ్లు త్రుంచిన 6 పణములు, చిన్నకొమ్మ నఱకిన 12, పెద్దకొమ్మ నఱకిన 24 పణములు దండుగ విధింపబడినది. బోదెను గొట్టినచో బూర్వసాహసదండము, పెల్లగించినచో మధ్యమసాహసము. పూవునకును ఫలమునకును సమానముగా నీడనుగూడ నొక యాదాయముగా లెక్కించిన యా దృష్టి మెచ్చదగినది. అయితే వెంటనే మఱియొక మాట యున్నది: పొలిమేరచెట్లకును, దేవతాస్థానమైన చెట్లకును, రాజవనములందలి చెట్లకును నీ దండుగ రెట్టింపు. అనగా నాడుగూడ దేవత గలిగిన చెట్టునకును రాజు గలిగిన చెట్టునకును రక్ష యెక్కువ. ఊరక నీడనిచ్చు చెట్టునకు దక్కువ. ఈ భేద మిరువదిమూడు శతాబ్దులు దాటి మన వీధులవఱకు వచ్చినది.

ఇక నర్సీపట్టణపు మాట. గొలుగొండ జమీందారి పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున గుంఫిణీ ప్రభుత్వము వశమైన పిమ్మట గొలుగొండ తాలూకాకు నర్సీపట్టణము ముఖ్యస్థలమైనది. కొండమీది మన్యమునకును గ్రింది మైదానమునకును నడుమ నిది వాకిలివంటిది. చింతపండు, పసుపు, అడ్డాకు, తేనె కొండ దిగివచ్చుటకును, ఉప్పు, బట్ట, ఇనుము కొండ యెక్కుటకును నిదియే మజిలీ. 1890లలో దూర్పుతీరపు రైలుమార్గము వచ్చిన తరువాత నర్సీపట్టణము రోడ్డు అను స్టేషనొకటి యేర్పడినది గాని, పేరులోని రోడ్డు అను మాటయే చెప్పుచున్నట్లు రైలు దిగినవాని కింకను బండిప్రయాణము మిగిలియుండెను. ఎడ్లకు నీడ లేనిదే వేసవిలో నా ప్రయాణము సాగదు. మోటారు వచ్చిన తరువాత గదా మనము చెట్టును శోభయనుకొన నారంభించితిమి. అంతకుముందది బండికి నిరుసువలె బ్రయాణమున కొక యంగము.

ఇంగ్లీషువారి యేలుబడిలో నీ బాటచెట్టు పద్దులోని కెక్కినది. 1884 నాటి స్థానికబోర్డుల చట్టముతో జిల్లాబోర్డులును దాలూకాబోర్డులును వచ్చినవి. బాటల కిరువైపుల జెట్లు నాటుటయు, వానిని గాచుటయు వాని పనులలోనివి. బోదెమీద సంఖ్య వేసిరి. చింతచెట్ల కాపును బాట పెట్టిరి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనుట యను సామెత వారియందు యథార్థమైనది. అయినను సంఖ్య గలిగిన చెట్టును గొట్టుట సులభము గాకుండెను. కొట్టినచో నొక చోట నొక లెక్క తప్పును, ఆ లెక్క కెవడో సమాధానము చెప్పవలెను. చెట్టునకు దేవత లేకున్నను బుస్తకమున వరుస యుండెను. ఇది చిన్న విషయము కాదు.

అయితే యా బాటలే యెట్లు పుట్టినవో మఱవరాదు. నర్సీపట్టణమునుండి కొండమీదికి బాట వేయించినపుడు గూడెము డిప్యూటీ తహశీల్దారు బాస్టియను మన్యపువారిచే వెట్టివలె బనిచేయించి, కూలి సరిగా నీయలేదని చెప్పబడినది. అల్లూరి శ్రీరామరాజు ఫిర్యాదులలో నిది ముఖ్యమైనది. 1922 ఆగస్టు 22వ తేదిని జింతపల్లి, 23న గృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలపై దాడి జరిగినది. తమ పోడుభూములు రిజర్వు అడవులలోనికి బోయినవారు, తమ యడవిలో దామే కొమ్మ విఱుచుటకు వీలులేనివారు, దొరల బాట కొండఱాళ్లు మోసిరి. వారికి జెట్టు నీడ గాదు, నేరము. 1924 మే 7న మంపలో రాజు పట్టువడెను. అతనిని గొయ్యూరునకు గొనిపోయి యొక చెట్టునకు గట్టి కాల్చిరని ప్రసిద్ధి. పాఱిపోబోవగా గాల్చితిమని ప్రభుత్వమువారు ప్రకటించిరి. అతని సమాధి కృష్ణదేవిపేటలో నున్నది. ఈ ప్రాంతపు చరిత్రలో నెక్కువమంది యెఱిగిన చెట్టు నీడకొఱకు గాక యిందుకొఱకు జ్ఞాపకముండుట విచారకరము. 2022 ఏప్రిలు 4న జిల్లాలు విభజింపబడినపుడు నర్సీపట్టణ మనకాపల్లి జిల్లాలోనికి వచ్చినది. కొయ్యూరు, చింతపల్లి యల్లూరి సీతారామరాజు పేరిటి జిల్లాలోనికి బోయినవి. ఆ బాట యిపుడు రెండు జిల్లాలది.

చెట్ల జాతులనుగుఱించి కొంత చెప్పవలసియున్నది. వీధిచెట్టనగానే మనకు వేప, రావి, మఱ్ఱి, చింత, కానుగ తోచును. వీనిలో జింత యాఫ్రికానుండి వచ్చినదని వృక్షశాస్త్రజ్ఞు లందురు. కాని యది మన పులుసులోనికిని మన యూళ్లపేర్లలోనికిని వచ్చి యెన్ని శతాబ్దులైనదో, దానిని బరదేశి యనుటకు నోరు రాదు. చింతక్రింద నిదురింపరాదని పెద్దలందురు. బండివాండ్రు మాత్రము నిదురించిరి. నిద్రగన్నేరు నడుమ నమెరికానుండియు, సీమతురాయి మడగాస్కరునుండియు వచ్చినవి. నిద్రగన్నేరున కా పేరు తగినది. పొద్దు వాలగనే దాని యాకులు ముడుచుకొనును. మబ్బు పట్టినను ముడుచుకొనును. కచేరుల యావరణములయందును వెడల్పు వీధులయందును గొడుగువలె బఱచుకొను చెట్టు తఱచుగా నిదియే. ఇది త్వరగా బెరుగును, విరివిగా నీడనిచ్చును. కాని గాలికి గొమ్మ విఱుగును.

వేపది వేఱు మర్యాద. శిశిరము చివర నాకు రాల్చి, యెండలు ముదురకముందే చిగిర్చి, వైశాఖమునకు నిండునీడతో నిలుచును. మనకు నీడ యెప్పుడు గావలెనో దానికి దెలిసినట్లే యుండును. మఱియు జెట్టునీడ పందిరినీడ గాదు. రేకుపందిరి యెండను దాను ద్రాగి, వేడిని గ్రిందికి దించును. చెట్టు వేళ్లతో నీరు పీల్చి యాకులనుండి యావిరిగా విడుచును. ఆ యావిరి యగుటకు వలయు వేడిమిని జుట్టునున్న గాలినుండియే తీసికొనును. అందువలననే వేపక్రిందికి వచ్చినవానికి నెండ తప్పుటయేగాక గాలియు జల్లనైనట్లు తోచును. కూరగాయల గంపలు పెట్టుకొన్నవారు శాస్త్రము చదువకయే యీ సంగతి యెఱుగుదురు. రేకునీడను వదలి చెట్టునీడకు దమ గోనెపట్టా జరుపుకొందురు.

నేటి స్థితి చెప్పక తప్పదు. మ్రానును గొట్టుట యొక్కటే నాశము కాదు. వీధికి సిమెంటు వేయుచు బోదెవఱకు బూసివేయుదురు. వాన కురిసినను వేరునకు జుక్క దిగదు. కరెంటుతీగలకొఱకు బ్రతివేసవి యొకవైపు కొమ్మలు మాత్రము నఱకుదురు. బరువు రెండవవైపునకు దప్పి, యొకనాడు గాలివానకు జెట్టు వీధిమీద నొఱగును. అపు డది ప్రమాదకరమైన చెట్టని పేరు పొందును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణముకడ దీరము దాటినపుడు జిల్లాలో నెన్ని వేల చెట్లు కూలినవో చూచినవా రెఱుగుదురు. ఆ నాడు కూలినవానిలో గాలి కూల్చినవెన్ని, ముందే మనము వేరు బిగించియు గొమ్మ తఱిగియు గాలి కప్పగించినవెన్ని యని విడదీసి చెప్పినవారు లేరు.

చట్టము లేదా యన్నచో నున్నది. వాల్టా యని జనులు పిలుచు 2002 నాటి చట్టముచే నధికారి యనుమతి లేనిదే చెట్టు గొట్టరాదు. కాని కౌటిల్యునివలె జిగురునకు వేఱు, చిన్నకొమ్మకు వేఱు, పెద్దకొమ్మకు వేఱు దండుగ యెంచి చూచు నోపిక నేటి వీధిలో గనబడదు. వీధి వెడల్పు చేయువా రనుమతి దెచ్చుకొని వత్తురు. చెట్టు పక్షమున దెచ్చువా రెవరు? మొదటినుండి వచ్చిన భేదమే మరల గనబడుచున్నది. మొదట బసుపుకుంకుమలు పూసి, యొక ఱాతిని నిలిపి, దానికి దేవతపేరు పెట్టిన వేపను గంట్రాక్టరు చుట్టివచ్చి బాటను వంచును. ప్రక్కనే యున్న కానుగను మధ్యాహ్నమునకు గొట్టివేయును. కొందఱు తెలిసియే చెట్టు బ్రతుకుటకై ఱాతిని నిలుపుదురు. నేను వారిని దప్పుపట్టను. అయితే యా ఱాయి వచ్చిన తరువాత నా నీడలో నెవరు గూర్చుండవచ్చునను ప్రశ్న మరల బుట్టును. చెట్టును గాచిన యుపాయమే దానిని రచ్చకట్టుగా మార్చును.

కీర్తిగల చెట్ల సంగతి వేఱు. కదిరిసీమ గూటిబైలు తిమ్మమ్మ మఱ్ఱిమాను 1989లో గిన్నిసు పుస్తకమున కెక్కినది. దాని విస్తృతి 19,107 చదరపుమీటర్లు, అనగా నైదెకరములకు గొంచెము తక్కువ. పాలమూరి పిల్లలమఱ్ఱికి జెదలు పట్టి 2017 చివర నొక పెద్దకొమ్మ విఱిగినపుడు చూపఱుల రాక నిలిపి, మఱుసటియేట మందునీటిని సీసాలు వ్రేలగట్టి గొట్టములద్వారా బొట్టుబొట్టుగా మ్రానులోని కెక్కించిరి. రోగికి జేసినట్లు చేసిరి. సంతోషమే. వేలకొలది యూళ్లలో వీధికొకటి చొప్పున నున్న చెట్లకు సీసాలు కట్టుమని యెవరు నడుగరు. వానికి గావలసినది చాల తక్కువ: బోదెచుట్టు నాలుగడుగుల మట్టి, రెండువైపుల సమముగా దఱిగిన కొమ్మ, పురపాలకసంఘపు బుస్తకమున నొక సంఖ్య. మొదటి రెండును దోటవాడెఱుగును. మూడవది జిల్లాబోర్డు గుమాస్తా యెఱిగియుండెను. కాయల పాటకొఱకు వేసిన సంఖ్యను నీడకొఱకు వేయుటకు గొత్త చట్టమేమియు నక్కఱలేదు. కుళాయిలకును దీపస్తంభములకును నట్టి పుస్తక మిప్పటికే వ్రాయుచున్నారు.

నర్సీపట్టణపు వీధులలో మిగిలియున్న పెద్దచెట్లను వేసవిలో దెల్లవాఱినది మొదలు చూచినచో నొకదాని క్రింద నొకే దినమున నెన్ని వ్యవహారములు జరుగునో తెలియును. మొదట గూరగాయల గంప దిగును. బడిపిల్లలు బండికై నిలుతురు. ఎండ యెక్కగనే చెప్పులు కుట్టువాడు తన పెట్టె తెఱచును. ఆటోవాడు బండిని నీడ కీడ్చి వెనుకసీటులో గాళ్లు ముడుచుకొని పండుకొనును. కొండమీదినుండి సంతకు వచ్చిన యాడువారు సంచులు దించి, మరల నెక్కవలసిన బస్సు వచ్చునందాక నక్కడనే కూర్చుందురు. గేదె యొకటి వచ్చి నడుమ నిలుచును. పొద్దు తిరిగినకొలది చెప్పులవాడు పెట్టెను జరుపుకొనును. వాని వెనుక నా యాడువారును సంచులు జరుపుకొందురు. లేచి పొమ్మనువారు లేరు.